దుకాణం అద్దానికి ప్రింటు ఫిల్ము: కొలత తీయడం నుంచి అతికించడం దాకా

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు తెలుగువారు నడుపుతున్న మెస్సులు, మిఠాయి అంగళ్లు, బొటిక్‌లు, ట్యూషన్ సెంటర్లలో చాలావాటికి రోడ్డు వైపు గోడ ఉండదు, నేల నుంచి సీలింగు దాకా అద్దమే ఉంటుంది. పైన బోర్డుకు మిగిలే చోటు పేరు రాయడానికే సరిపోతుంది కాబట్టి వంటకాల ఫొటోలు, పనివేళలు, ఉగాది ఆఫర్లు అన్నీ అద్దం మీదికే చేరతాయి. ఈ పని ప్రింటింగ్ షాపులో మొదలవుతుందని చాలామంది యజమానులు అనుకుని, సెల్‌ఫోనులో ఉన్న డిజైను పంపించి, చదరపు అడుగుకు రేటు ఎంత అని అడుగుతారు. నిజానికి పని అద్దం దగ్గరే మొదలవ్వాలి. ఏ ఫిల్ము వాడాలి, బొమ్మను తిప్పి ప్రింటు చేయాలా వద్దా, నీళ్లు చల్లి అతికించాలా పొడిగా అతికించాలా అన్నవన్నీ అద్దాన్ని బట్టే తేలుతాయి. ఆర్డరు ఇచ్చే యజమానులకూ, ఫ్లెక్సు పనిలో అనుభవం ఉండి అద్దం పనికి కొత్తగా వస్తున్న కుర్రవాళ్లకూ పనికివచ్చే విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

ముందు అద్దాన్ని చూడాలి

బొమ్మ అద్దానికి బయటి వైపు ఉండాలా, లోపలి వైపు ఉండాలా అన్నది మొదట తేల్చుకోవాలి. బయట అతికిస్తే రంగులు ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి, అద్దంలో పడే ప్రతిబింబాలు బొమ్మకు అడ్డు రావు. అయితే ఎండ, వాన, దుమ్ము దాని మీద నేరుగా పడతాయి, పొద్దున్నే పైపు పెట్టి కడిగేవారి నీళ్లూ, ఆడుకుంటూ గోటితో అంచు గీకే పిల్లల చేతులూ దాన్ని వదలవు. లోపల అతికిస్తే ఫిల్ము ఎక్కువ కాలం బాగుంటుంది గాని, రోడ్డు మీద ఉన్నవారు దాన్ని అద్దం గుండా చూడవలసి వస్తుంది. ఆకుపచ్చ, నీలి, బూడిద ఛాయలున్న అద్దమైతే తెలుపు తెలుపుగా ఉండదు, ముదురు రంగులన్నీ నల్లగా కలిసిపోతాయి. దీన్ని ఊహించుకోవడం కష్టం కాబట్టి, డిజైనులో ఒక ముక్కను ఏ4 కాగితం మీద ప్రింటు తీయించి, అద్దానికి లోపలి నుంచి పట్టించి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు వెలిగించాక ఒకసారి రోడ్డు అవతల నిలబడి చూడాలి. పెద్ద ఖర్చు లేని ఈ పరీక్షను ఎందుకో ఎవరూ చేయరు.

తరువాత అది ఏ రకం అద్దమో తెలుసుకోవాలి. ముదురు రంగు ఫిల్ము ఎండను పీల్చుకుని అద్దాన్ని వేడెక్కిస్తుంది. అద్దం మధ్య భాగం వేడెక్కి, ఫ్రేములో దాగి ఉన్న అంచు చల్లగా ఉండిపోతే, ఆ తేడా వల్ల కలిగే ఒత్తిడికి మామూలు అద్దం అంచు నుంచి చీలిపోవచ్చు. అంచులో ముందే చిన్న పెచ్చు ఊడి ఉంటే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. టఫెన్డ్ అద్దం ఈ తేడాను చాలావరకు తట్టుకుంటుంది. దాన్ని గుర్తించడానికి మూలలో చెరగని చిన్న ముద్ర ఉందేమో చూడాలి. కొత్త ఆఫీసు భవనాల్లో రెండు పలకల మధ్య ఖాళీ ఉంచి బిగించిన అద్దాలు ఎక్కువగా ఉంటాయి. వాటికి లోపలి వైపు నల్లని లేదా ముదురు ఫిల్మును పూర్తిగా పరిచే ముందు భవనం మెయింటెనెన్స్ వారిని అడిగి, అద్దం సరఫరా చేసినవారి అభిప్రాయం తీసుకోవడం తప్పనిసరి. వైరు జాలీ పోసిన పాత అద్దాలకు ముదురు ఫిల్ము అసలు వద్దనే నేను చెబుతాను. ఎండ తగిలే మామూలు అద్దానికి లేత రంగులతో, చుట్టూ ఖాళీ వదిలిన డిజైనే మేలు.

కొన్ని అద్దాలకు వేడిని తిప్పికొట్టే పూత ఉంటుంది. ఆ పూత ఉన్న ముఖం మీద బ్లేడు ఆడిస్తే గీతలు పడతాయి, అవి మళ్లీ పోవు. పూత ఏ వైపు ఉందో తెలియకుండా స్క్రేపర్ పట్టకూడదు.

అద్దం మీద అప్పటికే ఉన్న గీతలు, పెచ్చులు, పాత జిగురు మరకలను పని మొదలుపెట్టక ముందే ఫొటోలు తీసి యజమానికి వాట్సాప్‌లో పంపడం మంచి అలవాటు. ఫిల్ము అతికించాకే అందరికీ గీతలు కనిపించడం మొదలవుతుంది.

కొలతలు

ప్రతి అద్దానికీ వెడల్పును పైన, మధ్యలో, కింద కొలవాలి, ఎత్తును ఎడమ వైపు, మధ్యలో, కుడి వైపు కొలవాలి. ఈ ఆరు అంకెలు ఒకటిగా ఉండడం అరుదు. ఫ్రేము లోపలి రబ్బరు నుంచి రబ్బరు వరకు మిల్లీమీటర్లలో రాసుకోవాలి. షాపులో బిల్లు అడుగుల్లో వేసినా కొలత మాత్రం అడుగుల్లో చెప్పకూడదు, ఎందుకంటే నాలుగడుగులు అన్నప్పుడు అది 1,219 మిల్లీమీటర్లా లేక దగ్గరదగ్గర నాలుగడుగులా అన్నది అవతలివారికి తెలియదు. బయట నుంచి చూసినట్టు కాగితం మీద దుకాణం ముఖాన్ని గీసి, ఎడమ నుంచి అద్దాలకు వరుసగా నంబర్లు వేసి, తలుపు పిడులు, తాళాలు, కింది ఫిట్టింగులు ఎక్కడున్నాయో గుర్తించాలి. ఫోన్ నంబరు సరిగ్గా పిడి వెనక్కి పోయిన తలుపులు ఈ నగరంలో ఎన్నో కనిపిస్తాయి. జారుడు తలుపులైతే ఒక పలక రెండో పలక వెనక్కి వెళ్లేటప్పుడు మధ్యలో ఎంత సందు ఉందో చూడాలి, ఎందుకంటే ఇరుకు సందులో ఫిల్ము అంచు రాసుకుని వారంలోనే లేచిపోతుంది.

అక్కడికక్కడ కోసి సరిచేసే పద్ధతిలో అయితే ప్రతి వైపూ 25 మిల్లీమీటర్లు అదనంగా ప్రింటు చేయించాలి. ముందే కోసి తెచ్చే చిన్న పలకలైతే అన్నిటికంటే తక్కువ వచ్చిన కొలత తీసుకుని, ప్రతి వైపూ 2 నుంచి 3 మిల్లీమీటర్లు తగ్గించాలి. మన దగ్గర వినైల్ (వెనక జిగురు ఉన్న ప్లాస్టిక్ ఫిల్ము) రోల్స్ ఎక్కువగా 3, 4, 5 అడుగుల వెడల్పుల్లో దొరుకుతాయి, మెషీను అంచులు కొంత తినేస్తుంది. అద్దం వెడల్పు 50 అంగుళాలైతే నాలుగడుగుల రోల్ చాలదు, ఐదడుగుల రోల్‌లో పదంగుళాల దాకా వృథా అవుతుంది. డిజైను గీయకముందే ఈ లెక్క చూసుకుంటే, అతుకు ఎక్కడ రావాలో మనమే నిర్ణయించుకోవచ్చు. అతుకు వీలైనంతవరకు ఫ్రేము కమ్మీ మీదికి రావాలి గాని ముఖం మీదికి, అక్షరం మీదికి రాకూడదు.

ఫిల్ము ఎంపిక

బయటి నుంచి బొమ్మ కనిపించాలి, లోపలి నుంచి రోడ్డు కనిపించాలి అంటే వన్ వే విజన్ అనే చిల్లుల ఫిల్ము వాడతారు. ముందు వైపు తెలుపు, వెనక వైపు నలుపు, మధ్యలో సన్నని చిల్లులు ఉంటాయి. 60/40 అంటే సాధారణంగా 60 శాతం ప్రింటు పడే భాగం, 40 శాతం చిల్లులు అని అర్థం, కానీ కొందరు తయారీదారులు తిప్పి రాస్తారు కాబట్టి నమూనా ముక్కను చేతిలోకి తీసుకుని చూడాలి. ఈ ఫిల్ము గురించి యజమానికి ఆర్డరుకు ముందే చెప్పవలసిన సంగతి ఒకటుంది. వెలుతురు ఎక్కువగా ఉన్న వైపు నుంచి చూసేవారికి బొమ్మ కనిపిస్తుంది, చీకటి వైపు నుంచి చూసేవారికి అవతలి వైపు కనిపిస్తుంది. పగలు రోడ్డు మీద వెలుతురు ఎక్కువ కాబట్టి బొమ్మ నిండుగా ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి మెస్సులో ట్యూబులైట్లన్నీ వెలిగితే బొమ్మ వెలవెలబోయి, లోపల భోంచేసేవారి పళ్లాలు బయటికి కనిపిస్తాయి. రాత్రి వ్యాపారమే ముఖ్యమైతే బయట నుంచి బొమ్మ మీద దీపం వేయాలి, లేదా ఆ భాగానికి వెలుతురు దూరని వినైల్ వాడాలి. క్లినిక్కులో, బట్టలు మార్చుకునే గదిలో చాటు కోసం వన్ వే విజన్‌ను నమ్ముకోవడం తప్పు.

వాన కురిసినప్పుడు చిల్లుల్లో నీళ్లు నిలిచి, ఆరేదాకా లోపలి నుంచి రోడ్డు మసకగా కనిపిస్తుంది, తర్వాత ఆ నీటి వెంట వచ్చిన దుమ్ము చిల్లుల్లోనే ఉండిపోతుంది. చిల్లుల ఫిల్ముకు తగిన, పూర్తిగా తేటగా ఉండే లామినేషన్ వేయిస్తే ఈ బాధ ఉండదు. మామూలు లామినేషన్ వేస్తే లోపలి నుంచి చూపు మసకబారుతుంది.

తేట వినైల్ మీద బొమ్మ కావాలనుకునేవారు తెలుపు సిరా గురించి అడగాలి. తెలుపు లేకుండా తేట ఫిల్ము మీద వేసిన రంగులు పలచని రంగు కాగితంలా వెనకనున్నదంతా చూపిస్తాయి. లోపలి నుంచి అతికించి బయటికి కనిపించాలంటే బొమ్మను తిప్పి, ముందు రంగులు, వాటిపైన తెలుపు వేయాలి. రెండు వైపులా కనిపించాలంటే రంగు, తెలుపు, మళ్లీ రంగు అని మూడు పొరలు కావాలి. చిన్న షాపుల్లోని ఎకో సాల్వెంట్ (ద్రావకం కలిసిన సిరా వాడే) మెషీన్లలో చాలావాటికి తెలుపు సిరా ఉండదు, యూవీ మెషీన్ (అతినీలలోహిత కాంతితో సిరాను ఆరబెట్టేది) ఉన్నచోటికి వెళ్లాలి. అంత అవసరం లేదనుకుంటే తెల్ల వినైల్ మీద ప్రింటు చేసి బొమ్మ ఆకారంలో కోయించి బయటి వైపు అతికిస్తే సరిపోతుంది.

క్యాబిన్లకు, డాక్టరు గదులకు ఫ్రాస్టెడ్ (పాలలా మసకగా ఉండే) ఫిల్ము బాగుంటుంది. పూర్తిగా తేటగా ఉన్న అద్దపు తలుపులకు ఎంత చిన్నదైనా ఒక పట్టీని నడుము ఎత్తులో ఒకటి, కంటి ఎత్తులో ఒకటి వేయడం అందం కోసం కాదు, తలుపు తెరిచి ఉందనుకుని నడిచివచ్చేవారి ముక్కు పగలకుండా ఉండడం కోసం.

వినైల్ రకాల్లో మోనోమెరిక్ చవకైనది, పాలిమెరిక్ మధ్యరకం, కాస్ట్ ఖరీదైనది. మోనోమెరిక్ కాలం గడిచేకొద్దీ కుంచించుకుపోయి, అంచు చుట్టూ సన్నని జిగురు గీతను వదిలి లోపలికి జరుగుతుంది. పండుగ ఆఫరు లాంటి నెలా రెండు నెలల పనికి అది చాలు, అదీ సులభంగా ఊడివచ్చే జిగురు ఉన్న రకం అడగాలి. రెండు మూడేళ్లు ఉండవలసిన దానికి పాలిమెరిక్ తీసుకోవాలి. అద్దం చదునుగా ఉంటుంది కాబట్టి వంపులున్న వాహనాలకు వాడే కాస్ట్ ఫిల్ము కోసం డబ్బు పోయనవసరం లేదు. ఆ తేడాను లామినేషన్ మీద పెట్టడం మంచిదని నా అభిప్రాయం. తయారీదారులు చెప్పే మన్నిక వాతావరణాన్ని బట్టి మారుతుంది. చల్లని దేశాలకు ఇచ్చిన ఏళ్ల లెక్క మన ఎండకు వర్తించదు, పడమటి ముఖానికి అసలే వర్తించదు.

తెలుగు అక్షరాలతో వచ్చే చిక్కులు

బెంగళూరులో ప్రింటింగ్ షాపుల్లో డిజైన్ చేసేవారు ఎక్కువగా కన్నడ, తమిళ, హిందీ వాళ్లు. తెలుగు లిపి కన్నడానికి దగ్గరగా ఉండడం ఇక్కడ సాయం కంటే చేటే ఎక్కువ చేస్తుంది, ఎందుకంటే కన్నడ ఫాంటులో టైపు చేసిన మాట మొదటి చూపులో తెలుగులాగే కనిపించి, అతికించాక గాని తలకట్టు తేడాగా ఉందని తెలియదు. అందుకే మాటలను యజమానే యూనికోడ్‌లో టైపు చేసి పంపాలి. అనూ ఫాంట్ల వంటి పాత పద్ధతిలో టైపు చేసిన ఫైలును వేరే కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్ పంపినా చిక్కు తీరిపోదు. డిజైను సాఫ్ట్‌వేర్ ఇల్లస్ట్రేటర్‌లో ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి, "స్వాగతం" కాస్తా పొల్లు సకారం, విడి వకారంగా విడిపోతుంది. అక్షరాలన్నీ సరిగ్గా కూర్చున్నాయని తెలుగు చదివేవారు చూశాకే వాటిని కర్వ్‌లుగా (ఫాంటు అవసరం లేని గీతల ఆకారాలుగా) మార్చి పీడీఎఫ్ చేయాలి.

రంగు వినైల్‌ను ప్లాటర్‌తో (గీత వెంట బ్లేడుతో కోసే మెషీనుతో) కోసి అక్షరాలు అతికించే పనిలో ఇంకో మెలిక ఉంది. చాలా తెలుగు ఫాంట్లలో అక్షరమూ, దాని గుణింతం గుర్తూ, వత్తూ వేర్వేరు ఆకారాలుగా ఉండి ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. తెర మీద అదంతా ఒకే నలుపుగా కనిపిస్తుంది గాని, ప్లాటర్ రెండు గీతల వెంటా బ్లేడు తిప్పుతుంది, అందువల్ల అతుకు దగ్గర అక్షరం ముక్కలవుతుంది. కర్వ్‌లుగా మార్చిన తర్వాత కోరెల్‌డ్రాలో వెల్డ్ చేయడం, లేదా ఇల్లస్ట్రేటర్‌లో యునైట్ చేయడం, అంటే ఆ ఆకారాలను ఒకటిగా కలపడం, మరిచిపోకూడదు. చేసిన తర్వాత నింపిన రంగు తీసేసి, బయటి గీత మాత్రమే ఉంచి చూస్తే మిగిలిపోయినవి వెంటనే బయటపడతాయి. 2 మిల్లీమీటర్ల కంటే సన్నని గీతలున్న ఫాంటును ప్లాటర్‌కు ఇవ్వకపోవడం మంచిది, ఎందుకంటే అనవసరమైన వినైల్ పీకేటప్పుడు తలకట్లు, దీర్ఘాల చివరలు దానితో పాటే లేచివస్తాయి.

అక్షరాల పరిమాణానికి సైన్‌బోర్డు పనివాళ్లు పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అనే లెక్క చెబుతారు. తెలుగులో పైన గుడి, కింద వత్తు కూడా ఆ ఎత్తులోనే కలిసిపోతాయి కాబట్టి, వత్తు లేని మూల అక్షరానికే అంగుళం వచ్చేలా చూసుకోవాలి. వన్ వే విజన్ మీద అయితే చిల్లులు సన్నని గీతలను తినేస్తాయి. అక్కడ ఫోన్ నంబరు, చిరునామా లాంటివి ప్రింటు చేయకుండా, అవి విడిగా వినైల్‌లో కోసి మిగతా అద్దం మీద అతికించడమే నయం.

తిప్పి ప్రింటు చేసిన తెలుగు అక్షరాలు తెలుగు రానివారికి తిరగబడినట్టే అనిపించవు. ప్రతి పలక అంచులో, కోసి పారేసే భాగంలో, అద్దం నంబరు, పై వైపును చూపే బాణం, "బయట" లేదా "లోపల" అన్న మాట పనివాళ్లు చదవగల భాషలో ప్రింటు చేయిస్తే ఆ పొరపాటుకు తావుండదు.

కర్ణాటకలో 2024లో సవరించిన చట్టం ప్రకారం వ్యాపార సంస్థల పేరు బోర్డులో 60 శాతం కన్నడ ఉండాలి, అది బోర్డు పై సగంలో ఉండాలి. అద్దం మీద పేరును పెద్దగా వేయాలనుకునేవారు మొదటి నుంచే కన్నడకు ఆ చోటు ఉంచి డిజైను చేయించుకుంటే తర్వాత పీకే పని ఉండదు. మాల్స్, టెక్ పార్కుల్లో అద్దం బయటి ముఖం మీద ఏది అతికించినా యాజమాన్యం అనుమతి కూడా కావాలి.

ఫైలు, ప్రింటు, ఆరబెట్టడం

ఫొటోలు అసలు సైజులో అంగుళానికి 100 నుంచి 150 పిక్సెల్స్ ఉంటే అద్దం పనికి చాలు. అంతకంటే ముఖ్యం, ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపకపోవడం. పంపినప్పుడే అది కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపాలి లేదా డ్రైవ్ లింకు ఇవ్వాలి. ఫోను తెర మీద మెరిసే నారింజ, చిలకపచ్చ రంగులు సీఎంవైకే (ప్రింటుకు వాడే నాలుగు రంగుల) సిరాలో అంత మెరవవు కాబట్టి అసలు ఫిల్ము మీదే అడుగు పొడవు నమూనా ప్రింటు తీయించి అద్దం దగ్గర చూడాలి. నాలుగైదు పలకలుగా వచ్చే పెద్ద బొమ్మను ఒకే రోల్ మీద, ఒకే మెషీన్‌లో, ఒకే దఫాలో, ఒకే దిశలో ప్రింటు చేయించాలి. ఒక పలక పాడై వారం తర్వాత మళ్లీ తీస్తే రంగు కొద్దిగా తేడా రావడం మామూలే.

ఎకో సాల్వెంట్ ప్రింటు చేతికి పొడిగా తగిలినంత మాత్రాన ఆరినట్టు కాదు. సిరాలోని ద్రవం వినైల్ లోపల ఇంకా ఉంటుంది, అది బయటికి పోకముందే లామినేషన్ వేస్తే జిగురును మెత్తబరుస్తుంది, అంచులు ముడుచుకుంటాయి, ఫిల్ము కుంచించుకుంటుంది. కనీసం 24 గంటలు, ముదురు రంగులు నిండుగా ఉంటే 48 గంటలు, రోల్‌ను వదులుగా చుట్టి నిలబెట్టి గాలి తగలనివ్వాలి. వానాకాలంలో ఇంకాస్త ఎక్కువ సమయం ఇవ్వడం మంచిది. లేటెక్స్ (వేడితో ఆరే నీటి ఆధారిత సిరా) ప్రింటు మెషీన్ నుంచి ఆరే వస్తుంది. యూవీ సిరా కూడా అంతే గాని, దాని పొర మందంగా ఉండి అంచుల్లో పగిలే స్వభావం ఉంటుంది. సాయంత్రం ప్రింటు చేసి పొద్దున్నే అతికిస్తామని చెప్పే షాపు ఏ మెషీను వాడుతోందో అడిగి తెలుసుకోవాలి.

ఎండలో ఉండే వినైల్‌కు అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే లామినేషన్ ఎందుకు కావాలో పాత హోటళ్ల అద్దాలు చూస్తే తెలుస్తుంది. సాధారణంగా పసుపు, ఎరుపు సిరాలు ముందు వెలిసిపోతాయి, నీలం మిగులుతుంది. ఎర్రని కోడికూర కొన్నాళ్లకు నీలికూరగా మారి ఆకలిని చంపేస్తుంది.

అతికించడం

ఫిల్ము అతికించేటప్పుడు అద్దం ఉష్ణోగ్రత దాదాపు 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి. బెంగళూరు గాలి చల్లగా ఉన్నా మార్చి నుంచి మే వరకు మధ్యాహ్నం తర్వాత పడమటి అద్దం మీద అరచెయ్యి ఉంచలేం. అలాంటి అద్దానికి ఫిల్ము తగిలిన చోటే పట్టుకుంటుంది, సరిచేయడానికి లేవదు, లేపితే సాగుతుంది. పడమటి ముఖానికి పొద్దున్న, తూర్పు ముఖానికి మధ్యాహ్నం తర్వాత పని పెట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుముల వానలు ఆనవాయితీ కాబట్టి బయటి వైపు పనిని సాయంత్రం కాకముందే ముగించగలిగేలా చూసుకోవాలి. కొత్తగా అతికించిన అంచు వానకు తడిస్తే సరిగ్గా పట్టుకోకపోవచ్చు.

శుభ్రం చేయడానికి అతికించేంత సమయం పడుతుంది, పట్టాలి కూడా. ముందుగా సబ్బు కలిపిన నీళ్లు ధారాళంగా చల్లి, పూత లేని అద్దమైతే కొత్త బ్లేడు వేసిన స్క్రేపర్‌తో పెయింటు చుక్కలు, సిమెంటు మరకలు తీయాలి. తడి లేకుండా బ్లేడు ఆడించకూడదు. తర్వాత పీచు రాలని గుడ్డను స్క్రేపర్ అంచుకు చుట్టి రబ్బరు పక్క సందుల్లో లాగితే, అంతవరకు తెల్లగా ఉన్న గుడ్డ నల్లగా వస్తుంది. అంచులు లేచిపోవడానికి అసలు కారణం అక్కడ దాగిన ఆ మట్టే. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. మెరుపు ఇచ్చే అద్దం క్లీనర్లు పనికిరావు, అవి కంటికి కనిపించని పొరను వదులుతాయి. బోరు నీళ్లు ఆరితే తెల్లని మచ్చలు పడతాయి, అవి తేట ఫిల్ము కింద శాశ్వతంగా ఉండిపోతాయి కాబట్టి స్ప్రే సీసాలోకి ఫిల్టరు నీళ్లే పోయాలి. ఫ్రేముకు కొత్తగా సిలికాన్ వేసి ఉంటే అది పూర్తిగా గట్టిపడేదాకా ఆగాలి. పని జరుగుతున్నంతసేపూ ఫ్యాన్లు ఆపించాలి, రోడ్డు పక్కన తవ్వకాలు సాగుతుంటే నేలను తడిపి ఉంచాలి.

నీళ్లు వాడాలా వద్దా అన్నది ఫిల్మును బట్టి ఉంటుంది. వన్ వే విజన్‌ను ఎప్పుడూ పొడిగానే అతికించాలి, లేకపోతే చిల్లుల్లోకి నీరు చేరి జిగురు పట్టదు. గాలి బయటికి పోయేందుకు జిగురులో సన్నని దారులున్న వినైల్‌ను కూడా పొడిగానే అతికించాలి. తేట, ఫ్రాస్టెడ్ ఫిల్ములకు సాధారణంగా నీళ్లు వాడతారు. లీటరు నీళ్లలో రెండు మూడు చుక్కల బేబీ షాంపూ చాలు. నురగ వచ్చేంత కలిపితే ఫిల్ము బాగా జారుతుంది, తర్వాత కూడా జారుతూనే ఉంటుంది.

పొడి పద్ధతిలో ఫిల్మును వెనక కాగితంతో సహా అద్దానికి పట్టించి, లెవెల్ చూసి, పై అంచు పొడవునా మాస్కింగ్ టేపు వేయాలి. దుకాణం ఫ్రేము వంకరగా ఉంటే ఒక్కో అద్దాన్ని దాని ఫ్రేముకు సరిచేయకుండా, అన్ని అద్దాల మీదుగా లేజర్‌తో లేదా దారంతో ఒక అడ్డగీత పెట్టుకుని దానికే బొమ్మను సరిచేయాలి. లేకపోతే ఒక అద్దంలోని గీత పక్క అద్దంలో అరంగుళం కిందికి దిగుతుంది. టేపు మడత మీద ఫిల్మును పైకి తిప్పి, వెనక కాగితాన్ని పై నుంచి 10 సెంటీమీటర్లు మాత్రమే ఊడదీసి కోసేయాలి. ఆ పట్టీని మధ్య నుంచి రెండు వైపులకు స్క్వీజీతో (ఫిల్మును నొక్కే చదునైన ప్లాస్టిక్ పలకతో) నొక్కి, తర్వాత ఒకరు కాగితాన్ని కిందికి సమంగా లాగుతుంటే రెండోవారు ప్రతిసారీ స్క్వీజీ అంతకుముందు నొక్కిన చోటు మీద సగం ఎక్కేలా నొక్కుతూ రావాలి. మూడడుగుల కంటే వెడల్పైన పలకను ఒక్కరే అతికించే సాహసం చేయకూడదు. ఫిల్మును లాగి బిగించడం పెద్ద తప్పు. సాగిన వినైల్ కొన్ని రోజుల్లో తన పాత కొలతకు తిరిగి వెళ్తుంది, అప్పుడు అతుకులు విడిపోతాయి. స్క్వీజీ అంచుకు ఫెల్టు గుడ్డ లేకపోతే లామినేషన్ లేని ప్రింటు మీద గీతలు పడతాయి.

తడి పద్ధతిలో అద్దాన్నీ, కాగితం తీసిన జిగురు వైపునూ బాగా తడిపి, ఫిల్మును చోటుకు జరిపి, బయటి ముఖాన్ని కూడా తడిపి మధ్య నుంచి అంచులకు నీటిని తోసేయాలి. మిగిలిన నీటి వల్ల కొన్ని రోజులు పాలలాంటి మసక కనిపిస్తే కంగారుపడనవసరం లేదు, అది ఆరిపోతుంది. గాలి బుడగ మిగిలితే సూదితో దాని అంచు దగ్గర పొడిచి, అవతలి వైపు నుంచి రంధ్రం వైపు నొక్కాలి.

మామూలు వినైల్ పలకల మధ్య 10 మిల్లీమీటర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కించవచ్చు. వన్ వే విజన్‌లో అలా ఎక్కిస్తే చిల్లులు మూసుకుపోయి నల్లని పట్టీలా కనిపిస్తుంది కాబట్టి పక్కపక్కనే ఆనించాలి. అంచును ఫ్రేము రబ్బరుకు తగలకుండా 2 నుంచి 3 మిల్లీమీటర్లు వదిలి కోయాలి. రబ్బరు పక్కన నిలిచే నీరు అంచు కిందికి చేరుతుంది, అతుకు ఊడేది అక్కడి నుంచే. కట్టర్ బ్లేడును అద్దం మీద తేలికగా ఆడించి, ప్రతి అద్దానికీ కొత్త కొన విరవాలి. మొండి బ్లేడు ఫిల్మును కోయదు, లాగుతుంది. నిచ్చెన మీద పని పన్నెండు అడుగులు దాటితే స్కాఫోల్డింగ్ తెప్పించాలి, ఇరుకు వీధుల్లో దుకాణం ముందు వేలాడే కరెంటు తీగలను చూసుకోకుండా అల్యూమినియం నిచ్చెన ఎత్తకూడదు.

తర్వాత

మొదటి వారం అద్దం కడగకూడదు. ఆ తర్వాత మెత్తని గుడ్డ, సబ్బు నీళ్లు చాలు, ప్రెషర్ పైపు, పీచు బ్రష్షు దగ్గరికి రానివ్వకూడదు. ఈ మాట యజమానికి కాకుండా రోజూ అద్దం తుడిచే మనిషికి చెప్పాలి.

తీసేటప్పుడు హెయిర్ డ్రైయర్‌తో గోరువెచ్చగా చేస్తూ, మూల నుంచి నెమ్మదిగా, అద్దానికి దగ్గరగా మడుస్తూ లాగితే జిగురు చాలావరకు ఫిల్ముతోనే వస్తుంది. ఒకే చోట వేడి నిలిపితే అద్దం చీలే ప్రమాదం ఉంది. గడువు దాటిన వన్ వే విజన్ మాత్రం చిన్న ముక్కలుగానే ఊడుతుంది, కాబట్టి దాన్ని తీయడానికి కూలి వేరుగా మాట్లాడుకోవాలి. మిగిలిన జిగురుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా నారింజ తొక్క నూనెతో చేసిన క్లీనర్ వాడి, ఆ నూనె జిడ్డు పోయేదాకా సబ్బు నీళ్లతో కడగాలి. థిన్నర్ రబ్బరునూ ఫ్రేము పెయింటునూ పాడుచేస్తుంది, దాన్ని అద్దం మధ్యలో తప్ప అంచుల దగ్గర వాడకూడదు.